‘నాకు రాదు’ అను మాట యెక్కడ పుట్టినది?

పాఠశాలలో బాలుర నోట వినవచ్చు మాటలలో ఉపాధ్యాయునికి మిక్కిలి విసుగు పుట్టించునది ‘నాకు రాదు’ అను మాట. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఈ మాట ఒక భాషలో గాక పలుభాషలలో వినబడును. తరగతిలో బాలుడు ‘ముఝ్‌సే నహీఁ హోగా’ అనును. ఇంటికి పోయి పుస్తకముల సంచి మూలకు విసరి ‘నాకు రాదే అమ్మా, ఒగ్గీ నన్ను’ అని శ్రీకాకుళపు యాసలో గొణుగును. భాష మారినను బరువు మారదు. ఈ మాట విన్న ఉపాధ్యాయుడు బాలుని సోమరి యనును, తండ్రి మొండివాడనును, ఈ నడుమ బడులకు వచ్చి గంటసేపు ప్రసంగించి పోవు వ్యక్తిత్వ వికాస బోధకుడు ఇది ‘ప్రతికూల చింతన’ యను మనోవ్యాధి యనును. మువ్వురిలో మర్యాదగా మాటాడువాడు మూడవవాడే. అపకార మెక్కువ చేయువాడును అతడే.

ఎందువలన ననగా, సోమరి యని తిట్టిన ఉపాధ్యాయునితో బాలుడు లోలోపలనైన కలహింపగలడు. మొండివాడన్న తండ్రి మరునాటికి ఆ మాట మరచును. మూడవవాడట్లు గాదు. రోగము బాలుని తలలోనే యున్నదనియు, మందును అతని తలలోనే యున్నదనియు తీయని మాటలతో నమ్మించును. తరగతిగదికిని, పాఠ్యపుస్తకమునకును, మార్కుల పట్టికకును ఈ రోగముతో నెట్టి సంబంధమును లేదని తేలిపోవును. ఇంతకంటె అందరికిని సుఖమైన సిద్ధాంతము మరియొకటి యుండదు, బాలునికి దప్ప.

ఆ గంట యెట్లు గడచునో చూడుడు. పిల్లలందరును లేచి నిలువబడి పిడికిళ్లు బిగించి ‘నేను చేయగలను’ అని ముమ్మారు కేకవేయుదురు. గోడలమీద రంగుల అట్టలు వెలయును. ప్రధానోపాధ్యాయుడు అతిథికి శాలువ కప్పును. తరువాతి గంటలో గణితోపాధ్యాయుడు వచ్చి పరీక్ష మార్కులు చదువును. అదియు క్రిందినుండి పైకి. నూటికి పదునొకండు వచ్చిన బాలుడు తన పేరు మొదట వినును. పావుగంట క్రిందట తాను వేసిన కేక అతనికి జ్ఞాపకమున్నచో ఏమనుకొనును? నిన్నటివరకు లెక్కలే రావనుకొనెను. ఇప్పుడు ధైర్యము తెచ్చుకొనుటయు రాదని తెలిసికొనును. ఒక లోపము రెండయినది.

అసలు ‘నాకు రాదు’ అనునది వ్యాధి కాదు. అది యొక అనుమానము, తార్కికులు చెప్పు అర్థమున అనుమానము. పొగను జూచి నిప్పు కలదని నిర్ణయించువానివలెనే బాలుడు తన కండ్లయెదుట కానవచ్చు గుర్తులను బట్టి ఒక నిర్ణయమునకు వచ్చుచున్నాడు. ఏండ్ల తరబడి ఎఱ్ఱసిరా గీతలు, తోడివారి నవ్వులు, వెనుక బల్ల — ఇన్ని సాక్ష్యములు చూచిన పిదప ‘నాకు వచ్చును’ అని యెవడైన ననుకొనినచో వాని బుద్ధినే శంకింపవలసి యుండును. పొగ యట్లే యుండగా నిప్పు లేదనుకొమ్మని చెప్పుట బోధ కాదు. పొగ యెచ్చటనుండి వచ్చుచున్నదో వెదకవలెను. బిలాస్‌పూర్‌లో వెదకుట కష్టము గాదు.

బెంగాల్–నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. దాని దారులు ఒకవైపు బిలాస్‌పూర్ మీదుగా నాగపూరునకును, మరియొకవైపు సముద్రతీరము వెంబడి వాల్తేరునకును వ్యాపించినవి. ఆ పట్టాల వెంటనే ఉత్తరాంధ్రపు కూలీలు, ఫిట్టర్లు, ఫైర్‌మన్లు, గుమాస్తాలు ఖరగ్‌పూరుకును బిలాస్‌పూరుకును వచ్చి చేరిరి. 1928లో ఆ రైల్వే కార్మికుల సమ్మెను నడపినవాడు వి. వి. గిరి, పిమ్మట రాష్ట్రపతి యైనవాడు. కంపెనీ 1944లో ప్రభుత్వము చేతికి వచ్చెను. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడెను. 2003లో బిలాస్‌పూర్ కేంద్రముగా ఆగ్నేయ మధ్య రైల్వే వెలసెను. బోర్డులపై పేర్లు మారినవి. కాలనీ మిగిలినది, కాలనీలో తెలుగు మిగిలినది. నేటికిని కోర్బా–విశాఖపట్నము ఎక్స్‌ప్రెస్‌లో పెండ్లిండ్లకును పండుగలకును ఈ కుటుంబములు ‘ఊరికి’ పోయివచ్చుచునే యున్నవి.

ఇట్టి యింటి బాలుడు బడికి పోవునాటికే భాషల కూడలిలో నిలిచియుండును. ఇంట తెలుగు, వీథిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. పైగా ఇంగ్లీషు రానివానికి బ్రదుకు లేదని నలుగురును చెప్పు మాట. ఇందు వింత యేమనగా, మూడు భాషలలో దినము గడుపుకొని వచ్చు ఈ బాలునికే ‘భాషలో వెనుకబడినవాడు’ అని పేరు. ఒక్క ఉదాహరణము చాలును. తెలుగు పిల్లవాడు తరగతిలో ‘గాడీ ఆ గయా’ అనును. తరగతి యంతయు ఘొల్లున నవ్వును. హిందీలో ‘గాడీ’ స్త్రీలింగము, ‘ఆ గయీ’ అనవలెను. నిజమే. కాని తెలుగులో రైలు, చెట్టు, పుస్తకము, ఇల్లు అన్నియు అమహద్వాచకములు. రైలు ఆడదా మగదా యని యతని మాతృభాష యెన్నడును అతని నడిగి యెఱుగదు. అతడు తప్పు పలికినది తెలివి లేక కాదు, ఒక వ్యాకరణమును పూర్తిగా వశము చేసికొనినవాడగుటచేత. ఇది తెలిసిన ఉపాధ్యాయుడు ‘మీ భాషలో ఈ భేదము లేదు, ఇందులో కలదు’ అని ఒక వాక్యము చెప్పి ముందుకు సాగును. తెలియనివాడు తానును నవ్వును. ఆ నవ్వునుండి ‘నాకు హిందీ రాదు’ పుట్టును. గణితమును విజ్ఞానమును చరిత్రయు హిందీలోనే యుండుటచేత రెండేండ్లు తిరుగకుండ అది ‘నాకు చదువు రాదు’ అగును. అట్లనునప్పుడు బాలుడు తన మనస్సులోని మాట చెప్పుట లేదు; తాను విన్న నవ్వును అనువదించుచున్నాడు.

ఛత్తీస్‌గఢీ మాటాడు పల్లెటూరి బాలుని దురవస్థ యింకను విచిత్రమైనది. తెలుగు పిల్లవానికి హిందీ పరభాష యనియైన ఒప్పుకొందురు. ‘మేరా’ అనవలసినచోట ‘మోర్’ అనినవానికి ఆ పాటి గౌరవమును లేదు. అతనిది వేఱొక భాష యనరు, చెడిపోయిన హిందీ యందురు. భాషను చెడినదన్న పిదప అది పలుకు నోటిని బాగుగా నున్నదని యెవరు నమ్ముదురు?

తెలుగువారికి ఈ సంగతి క్రొత్త గాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి సవరలకు చదువు చెప్పదలచినప్పుడు మొదట చేసిన పని సవరభాషను తాను నేర్చుకొనుట. ఆ భాషలో వాచకములు వ్రాసెను, స్వంత ధనముతో బడులు పెట్టెను, 1931లో దానికి వ్యాకరణము ప్రకటించెను. ధైర్యము తెచ్చుకొండని సవర బాలురకు హితవు చెప్పుటతో ఆయన పని మొదలు కాలేదు. అచ్చట భాష రానివాడు గురువు. వచ్చువరకు కూర్చుండి నేర్చుకొన్నవాడును గురువే. (బాలుర నెత్తిన గ్రంథభాష రుద్దుటను జీవితాంతము ఖండించిన ఆ మహనీయుడు ఈ వ్యాసపు నడకను జూచినచో నేమనియుండునో ఊహింపవచ్చును.)

బాలుని మనస్సులో పుట్టినట్లు కనబడు భయము గదిలోనుండి వచ్చుననుటకు ఉత్తరప్రదేశ్ పల్లెపట్టున జరిగిన యొక పరీక్ష నిదర్శనము. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనువారు 2004లో దాని ఫలితములు ప్రకటించిరి. ఆఱు, ఏడు తరగతుల బాలురకు కాగితముపై చిక్కుదారులిచ్చి విడదీయుమనిరి. అగ్రకులములవారు 321 మంది, నిమ్నకులములుగా నెంచబడినవారు 321 మంది. కులము ప్రస్తావన రానప్పుడు ఉభయులును సమానముగా చేసిరి. అందరి యెదుట పేరుతోపాటు కులమును చదివి వినిపించినప్పుడు రెండవ వర్గపు బాలురు వెనుకబడిరి. చేతులవియే, కాగితములవియే, చిక్కులవియే. మారినది పేర్లు పిలిచిన తీరు. వీరికి ‘సానుకూలముగా ఆలోచింపుడు’ అని బోధించుట ఎంత క్రూరమైన పరిహాసము! మనుష్యులందరును ఒక్కటే యని చాటిన గురు ఘాసీదాసు పేర బిలాస్‌పూర్‌లో 1983లో విశ్వవిద్యాలయము వెలసినది. ఆ పేరు ద్వారముపై వ్రాసికొనుట సులభము. ఉపకారవేతనముల పట్టికను తరగతిలో కులముల వారిగా బిగ్గరగా చదువుట మానుట అంతకన్నను సులభము. అయినను దేశమున నెన్ని తరగతులలో మానిరి?

ఇక లెక్కల సంగతి. అరయు పావును వ్రాసి ఏది పెద్దదని యడిగినప్పుడు 1/4 పెద్దదని చెప్పు బాలురు ప్రతి బడిలోను కలరు. రెండుకన్న నాలుగు పెద్దది గదా యని వారి తర్కము. ఉపాధ్యాయుడు తల బాదుకొనును. ఆ సాయంకాలమే అట్టి బాలుని తల్లి బుధవారీ బజారుకు పంపినచో, పావుకిలో వంకాయలు తీసికొని అరకిలో వెల యిచ్చి వచ్చునా? రాడు. అమ్మువాడు రెండు రూపాయలు తక్కువ చిల్లర యిచ్చినను అక్కడనే నిలువదీయును. ఈ వింత బిలాస్‌పూరుకే పరిమితము గాదు. బ్రెజిల్ దేశపు రెసీఫె నగరములో వీథిలో సరకులమ్ము పిల్లలను తెరెజిన్యా నూనెస్ మొదలగువారు పరీక్షించి 1985లో ప్రకటించిరి. అంగడిలో అడిగిన లెక్కలలో నూటికి 98 సరిగా చెప్పిన పిల్లలే, అవే లెక్కలు కాగితముపై అంకెలుగా నిచ్చినప్పుడు నూటికి 37 మాత్రమే చేయగలిగిరి. కలకత్తా, ఢిల్లీ నగరముల బజారులలో పనిచేయు పిల్లలను గూర్చి 2025లో వెలువడిన పరిశోధనయు ఇట్టిదే చెప్పినది. అందులో మరియొక ముక్క కలదు, దానిని మాత్రము ఎవరును పెద్దగా చెప్పుకొనరు: బజారు పని యెఱుగని బడిపిల్లలు కాగితముపై లెక్కలు బాగుగ చేసియు, అంగడి లెక్కకు వచ్చునప్పటికి తడబడిరి. వీరిలో మందమతి యెవడు? ఒకరిది పరీక్షలో అడుగు జ్ఞానము, మరియొకరిది పరీక్షలో అడుగని జ్ఞానము, అంతే. బజారు లెక్క తనంతట తాను పలకమీదికి నడచి రాదు. దానిని చేయిపట్టి తీసికొనివచ్చుటకే ఉపాధ్యాయునికి జీతము.

ఈ నగరమున మంచి పద్ధతికి ఉపమానము దూరము వెదకనక్కరలేదు. క్రొత్త మార్గమున బండి నడుపవలసిన లోకోపైలట్‌ను రైల్వేవారు ఇంజను నెక్కించి ‘ఆత్మవిశ్వాసముతో పొమ్ము’ అనరు. ఆ మార్గ మెఱిగినవాని ప్రక్కన నిలిపి పగలును రాత్రియు త్రిప్పుదురు. దీనికి వారి వాడుకలో ‘లెర్నింగ్ రోడ్’ అని పేరు. ఏ మలుపు వెనుక సిగ్నలున్నది, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లము, ఎక్కడ వేగము తగ్గింపవలెను — ఇవి యన్నియు కండ్లార చూచిన పిమ్మట ‘ఈ దారి నాకు తెలిసినది’ అని అతడే సంతకము చేయును. నెలల తరబడి ఆ దారిన పోనిచో మరల చూపింతురు. కట్నీ దారిలోని భన్‌వార్‌టోంక్ ఘాట్ ఎఱుగని డ్రైవరును మందమతి యని యెవరును అనరు, దారి చూడలేదందురు. తండ్రికి ఇంత న్యాయము జరుగు ఊరిలో, కొడుకు భిన్నముల మలుపువద్ద ఆగినచో ‘వీని తలలో మట్టి’ అందురు. డ్రైవరు సంతకములోని ధైర్యము ఉపన్యాసము వలన వచ్చినది కాదు. దారి తెలియుటయే ఆ ధైర్యము.

మనస్తత్త్వ శాస్త్రజ్ఞులకును ఈ సంగతి ఆలస్యముగానే తెలిసినది. తప్పించుకొన వీలులేని విద్యుద్ఘాతములు తినిన కుక్కలు, పిమ్మట దారి యున్నను కదలక పడియుండుట జూచి సెలిగ్మన్, మేయర్ అనువారు 1967లో ‘నిస్సహాయత నేర్వబడునది’ అని సిద్ధాంతము చేసిరి. ఏబదేండ్లకు, 2016లో, తమ సిద్ధాంతమును తామే తలక్రిందులు చేసిరి: దెబ్బమీద దెబ్బ తినిన ప్రాణికి చతికిలబడుట సహజమే, నేర్వవలసినది తన చేతిలో కొంతయున్నదను సంగతి యనిరి. అది కేకలవలన నేర్పబడదు. ఒక పని తన చేతిమీదుగా నెఱవేరుట చూచినప్పుడే కలుగును.

కొందరు ఉపాధ్యాయులు సదుద్దేశముతోనే పొగడ్తను ఔషధముగా వాడుదురు. ‘నీవు చాల తెలివిగలవాడవురా’ అందురు. 1998లో మ్యూలర్, డ్వెక్ ప్రకటించిన పరీక్షలలో ఇట్లు తెలివిని పొగడగా విన్న పిల్లలు, ఆ పేరు పోవునను భయముచే కావచ్చును, కష్టమైన లెక్కలకు వెనుదీసిరి. శ్రమను మెచ్చుకొనగా విన్నవారు కష్టమైనవానినే కోరిరి. ఇది తెలియగనే ప్రసంగకర్తలు ‘తెలివి’ తుడిచివేసి ‘శ్రమ’ అని అట్టలు వ్రాయించిరి. 2019లో అమెరికాలో పండ్రెండువేలకు మించిన విద్యార్థులకు గంటకు లోపు పాఠముతో, బుద్ధి పెరుగునదేయని బోధించి చూచిరి. వెనుకబడినవారి మార్కులు పెరిగినవి. నాలుగు పాయింట్ల కొలతలో పదింట ఒక వంతు. తోడివారు కష్టమైన పనిని మెచ్చుకొను బడులలోనే ఆ పాటి ఫలితమును నిలిచెను. విత్తనము మంచిదే, నేల సంగతి చూడక సంచులకొలది చల్లుటయే తెలివితక్కువ.

నేలను మార్చినవారు లేకపోలేదు. టోక్యోలో 1937లో సోసాకు కొబయాషి అను ప్రధానోపాధ్యాయుడు పాత రైలుపెట్టెలలో తొమోయె పాఠశాలను నడపెను. 1945లో బాంబులకు అది కాలిపోయెను. అక్కడ చదువుకొన్న తెత్సుకో కురొయనాగి 1981లో ప్రకటించిన పుస్తకము తెలుగులో ‘రైలుబడి’ పేర పాఠకులకు సుపరిచితము. ఆ బడిలో ఎదుగుదల ఆగిపోయిన బాలుడొకడుండెను. పొట్టి కాళ్లు, పొట్టి చేతులు. ఆటల పోటీల నాడు అతనికి ఓడిపోవుటను సహించు గుణమును గూర్చి ఎవరును పాఠము చెప్పలేదు. కొబయాషి పందెములనే మార్చెను. పొట్టివానికి అనువైన ఆటలు పెట్టగా అతడే మొదటివాడయ్యెను. ఇది మోసము కాదా యని కొందరడుగుదురు. అట్లయినచో ప్రతి పందెమును ఎవరో ఒకరి కాళ్ల పొడుగును బట్టి పెట్టినదే. హిందీ యింట పుట్టినవానికి హిందీలో ప్రశ్నపత్రము పొడుగు కాళ్లిచ్చును. ఆ మోసము పాతది గనుక అందరికిని అలవాటైనది.

అరువదిమంది యున్న తరగతిలో ఇవి సాగునా యని ఉపాధ్యాయులు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నలో న్యాయము కలదు. కాని సగము పనికి కాలమే అక్కరలేదు. మార్కులు పైకి చదువుటకు కాలము పట్టును, చదువకుండుటకు పట్టదు. ర్యాంకుల వారిగా పిల్లలను బల్లలు మార్చుటకు కాలము పట్టును, మార్చకుండుటకు పట్టదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ విభాగము కొట్టుటను మాత్రమే గాక మానసిక హింసను గూడ నిషేధించినది. బెత్తము మూల జేరినది. ‘నీవు గేదెలు కాచుకొమ్ము’ అను మాట ఇంకను బల్లమీదనే యున్నది. తక్కిన సగము పనికి కాలము కావలెను, నిజమే. వ్యక్తిత్వ వికాసమునకు కేటాయించు గంటను దానికి వాడవచ్చును.

ఆ గంటలో చేయదగిన పని యేమనిన, ‘నాకు రాదు’ అను మాట వినబడినప్పుడెల్ల ‘ఎంతవరకు వచ్చినది?’ అని యడిగి పుస్తకము తెరచి చూచుట. 618ని 6చే భాగింపుమనగా బాలుడు 13 అని వ్రాయును. ఎఱ్ఱసిరా గీత లెక్క నిలువునను పడును. ప్రక్కన కూర్చుండి చూచినచో, ఆఱవ యెక్కము అతనికి వచ్చును; ఎడమనుండి మొదలిడవలెనని తెలియును; ఆఱులో ఆఱొకసారి యని సరిగా వ్రాసెను; ఒకటిలో ఆఱు పోదని గ్రహించెను; ఎనిమిదిని దింపి, పదునెనిమిదిలో ఆఱు ముమ్మారని సరిగా తేల్చెను. పోనిచోట సున్న వ్రాయవలెనను సంగతి యొక్కటి మిగిలినది. అతడు మాత్రము తనకు భాగహారము రాదని చెప్పుకొనుచున్నాడు. మూడేండ్లనుండి అతనికి రానిది సున్న యొక్కటే యని ఇంతవరకు ఎవరును చెప్పలేదు.